కేళిక తొండి ఆడింది

కాకినాడలో అమ్ముడైన ప్రతి కేళికా తొండి ఆడుతోందని తెలియగానే శాంభవి ఉన్నపళంగా బయల్దేరింది.

కేళిక ఆమె తయారుచేసిన ఆటయంత్రం. దాని లోపల న్యాయాక్షి ఉంది. తగవులు తీర్చే ఆ యంత్రపు కన్ను లేని ఇల్లు ఇప్పుడు లేదు. క్యూలో ముందెవరు, అంట్లు తోమే వంతెవరిది, బంతి గీత దాటిందా లేదా, అన్నీ క్షణంలో అదే తేల్చేస్తుంది. వీధుల్లో వాదన వినబడి ఏళ్లయింది. అలాంటి కన్నున్న ఆటయంత్రాన్ని జనం ఎగబడి కొంటారనుకుంది శాంభవి. కొనలేదు. ఊరూరా కొట్ల అరల్లో దుమ్ము కొట్టుకుపోతోంది. ఒక్క కాకినాడలోనే గిరాకీ. కేళికను ఉంచాలా, మూసెయ్యాలా అని కంపెనీ పెద్దలు ఈ సాయంత్రమే తేల్చబోతున్నారు. ఆ ఒక్క ఊళ్లోనూ అది దొంగాట ఆడుతోందంటే ఆమె కష్టమంతా గంగలో కలిసినట్టే.

హైదరాబాదులో వేగబండి ఎక్కి కాకినాడలో దిగింది. అక్కడ కేళికలు అమ్మేది ఆమె అన్న విశ్వపతి. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో అతన్ని ఒక్కసారీ గెలవనివ్వలేదని ఆమెకి ఇప్పటికీ గర్వం.

కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. లోపల తెర ముందు ఒక పెద్దావిడ కొంగు బిగించి అరుస్తోంది.

“నా పావేదయ్యా అల్లుడూ? ఇందాక ఇక్కడే ఉంది కదా!”

“నన్నంటారేంటండీ అత్తయ్యగారూ! మిషనే మింగేసిందండీ!”

“అయ్యబాబోయ్, తొండి! కక్కవే దొంగమొహందానా!”

కేళిక ఆ పావును తెర మూల నుంచి నెమ్మదిగా బయటికి నెట్టింది. కొట్టంతా ఘొల్లుమంది. “మాకూ ఒకటి కట్టండి!” అని వెనకనుంచి ఎవరో కేకేశారు.

శాంభవి ఆ కేక వచ్చినవైపు తిరిగి చూసింది. మరుక్షణం ఆ దృశ్యాన్ని ఫోన్లో నేరుగా, అప్పటికే మొదలైన కంపెనీ సమావేశానికి కలిపింది.

“ఎందుకు అమ్ముడవడం లేదని అడిగారుగా, చూడండి. పోట్లాడుకోవడానికి మనం చోటే ఉంచలేదు!”

అంతలో తెరమీద అల్లుడి పావు దానంతటదే రెండు గడులు వెనక్కి జరిగింది.

“అత్తగారే జరిపింది,” అన్నాడు అటునుంచి ఒక డైరెక్టరు.

“కళ్లజోడు మార్చుకోండి, మిషనే జరిపింది!” అంది అధ్యక్షురాలు.

“న్యాయాక్షిని అడుగుదామా?”

“దాని కన్ను కాసేపు మూయండయ్యా! శాంభవీ, కేళిక ఆగదు. ఇదే తొండి అన్ని ఊళ్లకీ పంపించు!”

కొట్టు దద్దరిల్లింది. పెద్దావిడ వచ్చి శాంభవి బుగ్గలు పుణికింది. ఆ సందడిలోనే శాంభవి వెళ్లి అన్న చెయ్యి పట్టుకుంది.

“దీనికి తొండి ఎవరు నేర్పారన్నయ్యా?”

విశ్వపతి తల గోక్కున్నాడు.

“నేనేనమ్మలూ. పెట్టె విప్పిన ప్రతిదాని కంటికీ గంతలు కట్టి, తొండి నేర్పి మరీ ఇచ్చాను. నాకిది కొత్తేం కాదు. నాకు అష్టా పడినప్పుడల్లా నువ్వు చూడకుండా ఓ గవ్వ తిరగేసేవాణ్ణి. నువ్వు గెలిచి ఎగురుతుంటే చూడాలని. అన్నేళ్లలో ఒక్కసారైనా పట్టుకున్నావా? తొండీ అని నా జుట్టు పట్టుకున్నావా? ఆ లోటు నాకలాగే ఉండిపోయింది. అందుకే వీటికి దొరికిపోవడం కూడా నేర్పాను.”