ఒడ్డెక్కినోడు

"ప్యాంటు జర కిందికి దించుర్రి," అంది నర్సు, సూది చేతిలో పట్టుకుని.

జితేందర్ మంచం అంచున బిగుసుకుపోయాడు. "చేతికి ఇయ్యరాదా మేడం?"

"ఇది చేతికిచ్చేది కాదు. నడుముకే."

"మగ నర్సులు ఎవరన్న ఉన్నరా?"

"ఒకాయన ఉన్నడు. లీవుల ఉన్నడు. సోమవారం దాకా నొప్పి ఓర్చుకుంటరా?"

తన ఊరు గట్టుకు పోయే దారిలో బండి జారి నడుం పట్టేసింది. వనపర్తిలో ఈ ప్రైవేటు దవాఖాన దాకా రావడమే గగనమైంది. ఇక సోమవారం దాకా ఏం ఓర్చుకుంటాడు? చెవులు ఎర్రబడగా గోడవైపు తిరిగాడు.

"అయిపోయింది. ఇగ కండ్లు తెరువొచ్చు."

మాస్కు పైన ఆమె కళ్లు నవ్వుతున్నాయి. పేరు రెబెకా అని కోటు మీద చదువుకున్నాడు.

నడుం నొప్పి తగ్గింది. జితేందర్ దవాఖానకు రావడం మాత్రం తగ్గలేదు. ఒకసారి బీపీ చూపించుకున్నాడు. ఒకసారి వాళ్లమ్మ భీమమ్మ మోకాళ్లకు ఏ నూనె మంచిదని అడిగాడు. మరోసారి వచ్చి ఏం చెప్పాలో తోచక నిలబడితే రెబెకానే అంది.

"ఇయ్యాల రోగమేంది?"

"చాయ్ తాగాలనిపిస్తుంది. ఒక్కన్ని తాగబుద్ధైతలేదు."

"పెద్ద రోగమే. పా, ఎదురుంగ హోటల్ల మందు దొరుకుతది."

అతను డ్రిప్పు పైపులు అమ్ముతాడు. గట్టులో వాళ్లకు పత్తి చేలున్నాయి. ఆమెది కోడేరు. అమ్మ బాలమ్మ, నాయన కురుమయ్య పుణె దిక్కు మట్టిపనికి పోతే ఆమె అవ్వ దగ్గర పెరిగి నర్సింగ్ చదివింది. ఆ వానాకాలమంతా ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్టాండు దాకా నడిచారు. గొడుగు ఆమెది. తడిసే భుజం అతనిది.

ఒక సాయంత్రం వాన వెలిశాక కూడా అతను కదల్లేదు.

"నీకొకటి చెప్పాలె. చెప్తే మళ్ల మాట్లాడవేమో."

"పెండ్లయిందా?"

"కాలే."

"మరేంది, చెప్పు!"

చెప్పాడు. గోపాల్‌పేట దగ్గర కురుమూర్తి సార్‌కు మామిడితోట ఉంది. రిటైరైన లెక్చరర్. ఆదివారాలు కొందరు అక్కడ చేరతారు. బట్టల్లేకుండా ఈత కొడతారు, ఎండలో కూర్చుంటారు, వండుకుని తింటారు. చెడ్డ చూపు లేదు, చెడ్డ మాట లేదు. సార్ భార్య సత్యమ్మ టీచర్ కూడా ఉంటుంది. అతను అక్కడికి పోతున్నాడు, కొన్నేళ్లుగా.

రెబెకా అతని మొహం చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇంజెక్షన్‌కు మగ నర్సును అడిగినోనివి నువ్వేనా?"

"అక్కడ అందరం ఒక్కతీరు ఉంటం. నీ ముంగట నేనొక్కన్నే కద!"

ఆమె నవ్వు మెల్లగా ఆగింది. ఎందుకు ఆగిందో అతనికి అర్థం కాలేదు. ఆమె గొడుగు మడుస్తూ చెప్పింది.

"నాకు బొల్లి ఉంది జితేందర్. మొహం మీద, చేతుల మీద లేదు. వీపంత, కాళ్లంత తెల్లమచ్చలే. మా అమ్మ, అవ్వ తప్ప ఎవ్వరు జూడలే. సంబంధాలొస్తే ముందుగాలనే చెప్తున్న. చెప్పంగనే లేసి పోతున్నరు."

"నేను లేసి పోతనా?"

"నువ్వింక జూడలే."

"ఒక్కసారి తోటకు రా. సత్యమ్మ టీచర్‌కు క్యాన్సరొచ్చి ఒక రొమ్ము తీసేసిన్రు. అయినా ఎట్ల నిమ్మళంగ కూసుంటదో చూడు. కులం, హోదా, సిగ్గు, అన్ని బట్టలతోనే ఇడిసిపెడ్తరు అక్కడ."

"నిజంగ ఇడుస్తరా?"

"ఒట్టు."

రెబెకా వెంటనే ఒప్పుకోలేదు. ముందు సత్యమ్మ టీచర్ ఇంటికి పోయి మాట్లాడింది. ఒకసారి కాదు, చాలాసార్లు. చివరికి ఒక ఆదివారం తోటకు వచ్చింది.

బట్టలు మార్చుకునే గదికి పోకముందే, జితేందర్ పక్కనుండగానే, నాగేశ్ అనే అతను ఆమెను పలకరించాడు.

"ఏ ఊరు మీది?"

"కోడేరు."

"కోడేరుల ఏ దిక్కు?"

"చర్చి పక్కపొంటి."

"ఓహో," అన్నాడు. అంతే.

ఈతబావికి వెడల్పాటి రాతి మెట్లున్నాయి. జితేందర్, నాగేశ్, ఇంకొందరు అప్పటికే నీళ్లలో ఉన్నారు. రెబెకా తువ్వాల చుట్టుకుని వచ్చింది. కిందిమెట్టు మీద తువ్వాల తీసి పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగింది. జన్మలో మొదటిసారి ఆమె వీపుకు ఎండ తగిలింది.

జితేందర్‌కు మచ్చలు కనిపించాయి. వాటికన్నా ముందు ఆమె మొహం కనిపించింది. చిన్నపిల్ల మొహంలా వెలుగుతోంది.

"సల్లగున్నయ్ నీళ్లు!" అంది.

"అవును, జర చలిపెడ్తుంది," అని నాగేశ్ మెట్లెక్కాడు. అతని వెనక ఇంకొకతను. ఆ వెనక ఒక జంట. ఎండ మాడ్చేస్తున్న పగటిపూట అందరికీ చలి పెట్టింది.

జితేందర్‌కు రక్తం మరిగింది. గబగబా మెట్లెక్కి నాగేశ్ భుజం పట్టుకున్నాడు.

"ఎందుకు లేసినవ్? మచ్చలు జూసా, వాడకట్టు జూసా? చెప్పు!"

"అంటుకుంటదేమో అని..."

"అంటుకోదని నీకు తెల్వదా?"

కేకలు పెద్దవయ్యాయి. కురుమూర్తి సార్ పరుగెత్తుకొచ్చాడు. ఎవరో తోశారు, ఎవరో ఆపారు. ఆ గొడవలో జితేందర్ వెనక్కి తిరిగి చూడలేదు.

బావిలో రెబెకా ఒక్కతే ఉంది.

మోకాళ్లు పనిచేయని సత్యమ్మ టీచర్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నీళ్లలోకి వచ్చి, ఆ పిల్ల పక్కన నిలబడింది. జితేందర్ వచ్చేసరికి ఇద్దరూ బట్టలు కట్టుకుని గేటు దాటిపోయారు.

రెబెకా ఫోను ఎత్తలేదు. అతను దవాఖానకు పోతే డ్యూటీలో ఉందన్నారు.

చలికాలం మొదట్లో కురుమూర్తి సార్ అందరినీ పిలిచాడు. "బట్టలు ఇప్పేసుడు సులువైన పనే. మనం ఇప్పాల్సింది ఇంకా ఒంటిమీదనే ఉన్నది," అన్నాడు. పక్కవాడితో నీళ్లలో ఉండలేనివాళ్లు ఇక రావద్దన్నాడు. సగం మంది పోయారు. నాగేశ్ కూడా.

ఆ కబురు పట్టుకుని జితేందర్ వనపర్తి పోయాడు. ఈసారి రెబెకా బయటికి వచ్చింది. చిక్కిపోయింది.

"సార్ మంచిపని జేసిన్రు. ఇంకొకరికి గట్ల కావద్దు," అంది.

"నేను నీకోసమే కొట్లాడిన రెబెకా."

"తెలుసు. టీచరమ్మ చెప్పింది. నీ మీద కోపం లేదు."

"మరి మాట్లాడవేంది?"

"ఒకరెనక ఒకరు వీపులు కనవడ్డయి. ఆఖరుకు నీది కనవడ్డది. నీళ్లలకెల్లి జూస్తే నాకు తేడా తెల్వలే." ఆమె కళ్లెత్తి అతని దిక్కు చూసింది. "ఒక్క నిమిషం నా పక్కన ఉంటే సాలుండె."

అతను కళ్లు తుడుచుకుని అడిగాడు.

"పెండ్లి జేసుకుందాం. మా అమ్మను ఒప్పిస్త. ఊరోళ్లు ఎవరేమన్న నేను జూసుకుంట."

"ఒప్పిస్తవ్. ఊరంతటితోని కొట్లాడుతవ్ గూడ. నువ్వు మంచోనివి జితేందర్. కానీ నువ్వు బయట కొట్లాడుతుంటవ్, నేను లోపల ఒక్కదాన్నే కూసోవాలె. అది నాతోని కాదు."

"మారుత."

"మారుతవ్. అదే నాకు బాధ." ఆమె అతని చేతిని ఒక్కసారి పట్టుకుంది. "నన్ను ఆగుమని మాత్రం అడగకు."

లోపల ఎవరో పిలిస్తే పోయింది.

ఎండాకాలం వచ్చింది. కురుమూర్తి సార్ తోటకు డ్రిప్పు పైపులు కావాలన్నాడు. ఎప్పుడన్నా తెచ్చి గేటు దగ్గర వేయమన్నాడు. సత్యమ్మ టీచర్ శనివారాలు ఆడవాళ్లకే అని పెట్టిందని జితేందర్‌కు తెలుసు. ఆ రోజు శనివారమని మాత్రం, వాలుదారిలో ఇంజన్ ఆపి బండిని గేటు దాకా దించాకే గుర్తొచ్చింది.

లోపల బావి దిక్కునుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. నీళ్లు ఎగజల్లుకుంటున్నారు. టీచరమ్మ ఎవరినో మురిపెంగా తిడుతోంది. ఆ నవ్వుల్లో ఒకటి అతను ఎక్కడున్నా గుర్తుపట్టే నవ్వు. అంత గట్టిగా, అంత విడిగా ఆమె నవ్వడం అతను ఎన్నడూ వినలేదు.

పైపుల చుట్టలను ఒక్కొక్కటే చప్పుడు కాకుండా గోడకు ఆనించాడు. బండి స్టార్టు చేస్తే లోపలికి వినబడుతుంది. మగమనిషి వచ్చాడని వాళ్ల నవ్వు ఆగిపోతుంది.

జితేందర్ బండిని చేత్తో తోసుకుంటూ, కళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, రోడ్డెక్కేదాకా నడిచాడు.