ఖాళీ భాగం

పైడిమెట్ట పురపాలక సంఘం సమావేశమయ్యే రోజు సభ్యులెవరూ కడుపునిండా తినరు. ఎవరి బాధ తమ ఒంట్లోకి వస్తుందో ముందుగా తెలియదు. 2071 నాటికి రాష్ట్రంలోని పట్టణాలన్నిటా ఇదే పద్ధతి. ఒక వార్డుకు అందే సేవను తీసేయాలంటే, అందువల్ల నష్టపోయిన మనిషి అనుభవాన్ని సభ్యులు ముందు తమ శరీరంతో తెలుసుకోవాలి.

అందుకే అనుభూతి పీఠాలు వచ్చాయి. మణికట్టుకు కట్టుకునే దేహలేఖిని మనిషి గుండె వేగాన్ని, నొప్పిని, ఎండ వేడిని, తాకిడిని, చెవిన పడే చప్పుళ్లను, ఊపిరిని నమోదు చేస్తుంది. పీఠంలోని న్యూరో ప్రేరకం ఆ సంకేతాలను కూర్చున్నవారి నాడుల్లోకి పంపుతుంది. ప్రాణానికి ముప్పు రాకుండా తీవ్రతను కాస్త తగ్గిస్తుంది. మధ్యలో లేచినవారికి ఆ అంశంపై ఓటు పోతుంది.

“పోయిన నెల ప్రసూతి కేంద్రం గొడవలో నాకు పురిటినొప్పులొచ్చేయి,” అన్నాడు చైర్మన్ గగన్, పీఠంలో సర్దుకుంటూ. “ఓర్చుకున్నాను.”

“ఓర్చుకునే కదా బాబూ, దాన్ని మూయించేరు!” అంది సభ్యురాలు హాసిని. అందరూ నవ్వారు.

ఆనాటి అంశం కొండవార్డు ఆసుపత్రి బస్సు. సగం ఖాళీగా తిరుగుతోందని దాన్ని వేసవిలో తాత్కాలికంగా ఆపారు. బదులుగా, పిలిస్తే వచ్చే డ్రైవరు లేని బండ్లు పెట్టారు. ఇవాళ రద్దు తీర్మానం నెగ్గకపోతే రేపటి నుంచి బస్సు మళ్లీ నడపాలి.

డయాలసిస్‌కి బయలుదేరిన లోహిత్ అలాంటి బండి కోసం చూస్తూ బస్టాపులోనే చనిపోయాడు. ఆయన దేహలేఖినిని భార్య యోషిత సంఘానికి ఇచ్చింది. ఇప్పుడు ప్రజల వరుసలో కూర్చుని ఉంది.

పీఠాలు పనిచేశాయి. సభ్యులకు చెమటలు పట్టాయి. ఒకరు ఛాతీ పట్టుకున్నారు. హాసిని కళ్లు తుడుచుకుంది. కాసేపటికే అయిపోయింది.

“పాపం,” అన్నాడు గగన్, మంచినీళ్లు తాగి. “కష్టమే, కాదన్ను. అయితే ఓర్చుకోలేనంత కాదు. ఓటుకి పెడదామా?”

యోషిత లేచి నిలబడింది. “అంతేనా అండీ? మా ఆయన దగ్గిర దగ్గిర గంట కూర్చున్నారక్కడ.”

యంత్రాలు చూసే శాస్త్రవేత్త నఫీసా ఇబ్బందిగా కదిలింది. “సంకేతాల్లో మార్పు లేని చోటు ఖాళీ భాగమమ్మా. సభ్యుల టైము పోతుందని యంత్రం కత్తిరించేస్తుంది. మొదట్నించీ అంతే.”

“ఆయన పోయింది ఆ ఖాళీలోనేనమ్మా.”

యోషిత పీఠాల వైపు తిరిగింది.

“కత్తిరించకుండా పెట్టమని అడిగే హక్కు నాకుందా?”

“ఉంది,” అంది పీఠాలను నడిపే యంత్రం. “పూర్తి నమోదు కావాలా?”

“కావాలి.”

పీఠాలు మళ్లీ వెలిగాయి. సభ్యులు పళ్లు బిగించి సిద్ధమయ్యారు. ఏ నొప్పీ రాలేదు. మెడ మీద ఎండ, కింద సిమెంటు బల్ల, అంతే.

“ఏటిది, ఏటీ అవట్లేదు?” అన్నాడొకాయన.

“ఇదెంతసేపుంటాదమ్మా?” అని ఇంకొకాయన నఫీసాను అడిగాడు. ఆయన ఫోన్ వచ్చిందంటూ లేచాడు. మరొకరు ఇంట్లో పనుందన్నారు. హాసిని కాసేపు ఓపిక పట్టింది. తరవాత ఆమె కూడా తల దించుకుని వెళ్లిపోయింది.

“దీనికన్నా ఆ పురిటినొప్పులే నయం,” అంటూ చివరికి గగన్ కూడా టీకి లేచాడు.

“సభ్యులెవరూ లేరు. లేచినవారి ఓట్లు పోయాయి. నమోదు నడుస్తోంది,” అంది యంత్రం.

యోషిత మెట్లు దిగి వచ్చి చైర్మన్ పీఠం ముందు ఆగింది.

“వద్దమ్మా,” నఫీసా అడ్డు వచ్చింది. “చివరి దాకా ఉంది అందులో.”

“తెలుసు.”

ఆమె కూర్చుంది. మెడ మీద ఎండ తగిలింది. మోకాలి సలుపు తెలిసింది. అది ఆయన కుడి మోకాలు. మలుపులో ఏదో బండి చప్పుడైంది. గుండె ఒక్కసారి తేలికై, చప్పుడు దూరమయ్యాక మళ్లీ బరువెక్కింది. మళ్లీ ఇంకో చప్పుడు. ప్రతిసారీ ఆయన నమ్మాడు. యంత్రానికి అది మార్పుగా కనబడలేదు.

గగన్ తిరిగి వచ్చాడు. “ఈ అంశం మూసేయండి. వచ్చే వారం ఆ ఖాళీ తీసేసి మళ్లీ పెడదాం.”

“పీఠంలో మనిషి ఉండగా అంశాన్ని మూయడం కుదరదు,” అంది యంత్రం.

“అమ్మా, లెగండి. అది చైర్మన్ కుర్చీ.”

యోషిత కళ్లు తెరవలేదు.

“బండి ఇంకా రాలేదండీ,” అంది. “పక్కది ఖాళీయే. కూర్చోండి.”