రేచీకటి అబ్బాయి, సర్వే అమ్మాయి

"మీ జన్యువులో ఉన్న లోపాన్ని కత్తిరించి సరిచేసే చికిత్స వస్తే, మీరు ఒప్పుకుంటారా?"

చైత్ర ట్యాబ్‌లో చూసి చదివింది. బాగేపల్లిలో శనగనూనె అంగడి నడిపే ధనుంజయ గతుక్కుమన్నాడు.

"కత్తిరించేది యాడ మేడమ్? మెడకాడ కాదు కదా?"

ఆమె నవ్వు ఆపుకుంది. చింతామణి ఊరి పిల్ల, బెంగళూరులో రీసెర్చ్ చేస్తోంది. వంశపారంపర్యంగా వచ్చే అరుదైన జబ్బులున్నవాళ్లు జీన్ ఎడిటింగ్ గురించి ఏమనుకుంటున్నారో అడగడం ఆమె పని. ధనుంజయకు రేచీకటి. పొద్దు వాలితే దారి కనబడదు. పగటి చూపు కూడా ఏటేటా తగ్గుతోంది.

"కత్తీ లేదు, కత్తెరా లేదు. మందే లోపలికి పోయి ఆ పని చేస్తాది. ఇంకా ప్రయోగాల్లోనే ఉండాదిలెండి."

"దేవుడిచ్చిన కండ్లమ్మా, వాటి జోలికి పోవద్దు!" లోపలినుంచి తల్లి మునిరత్నమ్మ అరిచింది. "మా అన్న కూతురు నేత్రను చేసుకోమను, అన్నీ సర్దుకుంటాయి."

ధనుంజయ ముఖం వాడిపోయింది. "నాకైతే తొందర లేదు మేడమ్, అలవాటైపోయింది. నా పిల్లలకు రాకుండా చేస్తామంటే ఈ పొద్దే వస్తా. ఆ భయానికే పెండ్లి వద్దనుకున్నా."

చైత్ర ట్యాబ్ పక్కన పెట్టేసింది. "దానికి పెండ్లి మానుకుంటారా? మీ అమ్మానాయనలది మేనరికం. ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉండాది, రెండూ మీకొచ్చినాయి. మీ రిపోర్టు అదే చెప్తాండాది. బయటి సంబంధం చేసుకుంటే పిల్లలకొచ్చేది చాలా తక్కువ."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ధనుంజయ గుండె తేలికైంది. తేలికైన గుండె ఊరుకుంటుందా? ఒక్కో ప్రశ్నకు, "ఆలోచించి చెప్తా, వచ్చే శనివారం రాండి" అనడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, ఆమె వచ్చేది.

ఒక శనివారం చినుకుల్లో ట్యాబ్ లేకుండా దిగింది.

"ప్రశ్నలు యాడబోయినాయి?"

"సర్వే పోయిన వారమే ముగిసింది."

"మరి?"

"బస్సు ఇక్కడ ఆగింది, దిగినా."

"చైత్రా, ఆ మందు వస్తాదో రాదో. ఒకనాటికి నీ ముఖం నాకు కనబడకపోవచ్చు. అయినా నువ్వంటే నాకు ప్రాణం."

"కనబడినన్నాళ్లు బాగా చూసుకో." ఆమె కళ్లు తడిశాయి, నోరు మాత్రం తగ్గలేదు. "తర్వాత నా అరుపులు వింటూ ఉందువులే."

అప్పుడే మునిరత్నమ్మ బయటికొచ్చింది. చైత్రను ఎగాదిగా చూసింది. ఇక నేత్ర పేరు ఎత్తుతుందని ధనుంజయ బిక్కచచ్చిపోయాడు.

"ఏమ్మా, మీ అమ్మవైపు గానీ, నాయనవైపు గానీ మాకు ఏమన్నా చుట్టరికం ఉండాదా?"

"లేదమ్మా. ఎంత వెతికినా లేదు."

సంబంధం అనగానే చుట్టరికాలు తవ్వే ఆ మనిషి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

"బతికించినావు తల్లీ! లోపలికి రా, కాఫీ పెడతా."