జలంధర్ ఎడమ బూటు

ఆ బూటు కథలో పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో మాత్రం నాకే తెలియదు.

పదకొండేళ్ల కిందటి మాట. జలంధర్ అనే అంతరిక్ష వీరుడి సీరియల్ మొదలుపెట్టాను. మొదటి భాగంలోనే అతను నౌకలో పడుకునే ముందు కుడి బూటు విప్పాడనీ, ఎడమ బూటు విప్పలేదనీ రాశాను. రాత ఊపులో పడిపోయిన వాక్యం, అంతకు మించి ఏమీ లేదు. చదివేవాళ్లు దాన్ని పట్టుకున్నారు. తర్వాత రెండొందల భాగాల్లో జలంధర్ శనిగ్రహం దాకా పోయాడు, ‘ఏకశిల’ అనే తన నౌకను మూడుసార్లు తగలబెట్టుకున్నాడు, ఒకసారి చచ్చి బతికాడు కూడా. ఎడమ బూటు మాత్రం విప్పలేదు. ప్రతి భాగం కింద కామెంట్లలో అదే గోల. తర్వాత? తర్వాతేంది? బూటు సంగతేంది? నేనేమో అన్నీ తెలిసిన పెద్దమనిషి లాగా ‘ఓపిక పట్టండి, చెప్తాను’ అంటూ వచ్చాను. నా మొహం చెప్తాను. నాకు తెలిస్తే గదా.

ఈ వానాకాలం ఆ పాపం పండింది. కథల యాప్‌లో నా ఎడిటర్ స్నేహలత. ఆమె హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, సీరియల్‌కు తోడుగా జలంధర్ చిన్నప్పటి కథలు ఐదు కావాలంది. అతని ఊరు, అమ్మానాన్న, ఆకాశం మీద మనసు ఎట్లా పడింది, అన్నీ. ఐదోది బూటు కథ. నాలుగు రాసిచ్చాను. ఐదోది ఏడుసార్లు రాశాను, ఏడుసార్లూ వెనక్కి వచ్చింది. పాము కరిచిందని రాస్తే సినిమాలా ఉందంది. నాన్న చివరగా కొనిచ్చిన బూటు అని రాస్తే ఏడుపు ఎక్కువైందంది. యాక్సిడెంట్ అని రాస్తే ఇది ఎవరైనా రాస్తారు గదా మహిపాల్ గారూ అంది. మరి ఆ ఎవరితోనో రాయించుకోమనాలని నోటిదాకా వచ్చింది.

నేను అనకముందే ఆమె అనేసింది. ఆదివారం సాయంత్రం ఆరు లోపల కథ రాకపోతే జలంధర్‌ను వేరే రచయితకు ఇస్తామని మెయిల్ పెట్టింది. పాత్ర యాప్‌వాళ్లదేనట, అట్లా రాసి ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టానట. చదవకుండానే పెట్టాను. జూనియర్ కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెప్తూ, ప్రశ్న పూర్తిగా చదవండిరా అని రోజూ మొత్తుకునేవాణ్ని నేను. మాకు పిల్లలు లేరు. పదకొండేళ్లు నా ఇంట్లో పెరిగినవాడు జలంధర్ ఒక్కడే. వాణ్ని ఎవడో చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడంటే కడుపు రగిలిపోయింది.

మేముండేది కొత్తవాడలో, యాకమ్మ అనే పెద్దావిడ ఇంటి వెనక భాగంలో. ఆమె భర్త లక్ష్మీనర్సయ్య నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాడట. మేం అద్దెకు రాకముందే పోయాడు. నేను రాసుకునే గది ఒకప్పుడు ఆయన మగ్గం గది. మగ్గం తీసేశారు గానీ గుంత అట్లాగే ఉంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఈ రకం మగ్గం నేలకే ఉంటుంది. నేసేవాళ్లు గుంత అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, లోపలి చెక్కలు తొక్కుతూ నేస్తారు. మా గదిలో ఆ గుంత మీద బండ కప్పి ఉంది. దాన్ని కదపొద్దని యాకమ్మ ముందే చెప్పింది. ఎందుకని నేనూ అడగలేదు.

నాకు నడుం నొప్పి. కుర్చీలో అరగంట కూర్చోలేను. అప్పటికి యాకమ్మ కేసముద్రంలో కూతురింటికి పోయి నెల దాటింది. ఆమె పోయిన వారానికే, ఒకరోజు చిరాకెత్తి ఆ బండ పక్కకు జరిపాను. అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలి, ముందు ఒక బల్లచెక్క అడ్డం వేసుకుని దాని మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. అబ్బ, ఎంత హాయి. గుంత అడుగున సగం నేసిన జంపఖానా ఒకటి చుట్టి ఉంది. దాన్ని విప్పి కాళ్ల కింద పరుచుకున్నాను. మొదటి నాలుగు కథలూ అక్కడే, ఒక్క ఊపులో వచ్చాయి. ఇంటామెకు తెలిస్తే తిడుతుందని నా భార్య ప్రేమలత గొణిగింది. ఆమె వచ్చేలోపల మళ్లీ కప్పేస్తానన్నాను.

ఆ ఆదివారం పొద్దటి నుంచి ముసురు. ప్రేమలత దవాఖానలో నర్సు, రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికే గదిలో చీకటి పడ్డట్టయింది. పక్కింటి పవర్‌లూమ్‌లు పొద్దంతా చెవులు చిల్లులు పడేటట్టు మోగుతుంటాయి, నేను రోజూ తిట్టుకుంటాను. మూడున్నరకు కరెంటు పోయింది. అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గుంతలోంచి తడి నూలు వాసన, పాత రంగుల వాసన పైకి వస్తున్నాయి. దాని వెనక ఇంకో వాసన... చాలాసేపు చెప్పుల్లో నానిన కాళ్ల వాసన. నావే అనుకున్నాను.

తెర మీద ఒక్క వాక్యం లేదు. చార్జింగ్ సగమే ఉంది. రాయడం, చెరపడం. మళ్లీ రాయడం, మళ్లీ చెరపడం. స్నేహలతను తిట్టాను, యాప్‌ను తిట్టాను, ఆ బూటేదో విప్పి చావొచ్చు గదరా అని జలంధర్‌ను కూడా తిట్టాను.

అప్పుడు వినపడింది. టక్. కాసేపాగి మళ్లీ టక్. చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు.

పవర్‌లూమ్ అనుకున్నాను. కరెంటు లేదని గుర్తొచ్చింది. టక్... టక్... నా కాళ్ల కిందే. గుంతలో చెక్కలు లేవు. మగ్గంతో పాటే వాటినీ తీసేశారు.

ఎవరో నా ఎడమ కాలు పట్టుకున్నారు.

గట్టిగా కాదు. చిన్నపిల్లలకు బూటు తొడిగేటప్పుడు మడమ పట్టుకుంటాం చూడండి, అట్లా. వేళ్లు చల్లగా ఉన్నాయి. ఒక్క ఉదుటున కాళ్లు పైకి లాక్కుని, ఫోన్ లైటు లోపలికి వేశాను. పందికొక్కు కూడా లేదు. జంపఖానా ఒక్కటే ఉంది. దాని మీద ఒకే ఒక ఎర్రపట్టీ ఉండేది, నేను రోజూ మడమలు ఆనించేది దాని మీదే. ఇప్పుడు రెండున్నాయి.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడే లేచి రోడ్డు మీద పడతాడు. నేను పోలేదు. ఎందుకో చెప్తే నవ్వుతారు. ఆ చెయ్యి తగిలిన క్షణంలోనే నాకు వాక్యం దొరికింది. ‘వాడి కాలు ఎవరో పట్టుకున్నారు.’ మూడు వారాల్లో వచ్చిన మొదటి నికార్సైన వాక్యం. టైపు చేశాను. రెండోది రాలేదు. గోడకు ఆనుకుని చూశాను, మంచం మీద కూర్చుని చూశాను, గదంతా తిరిగాను. రాలేదు. టైం నాలుగుంబావు అయింది. దెయ్యమైతే ఏంది, భూతమైతే ఏంది, జలంధర్ నావాడు అనుకున్నాను. తెలిసి తెలిసి కాళ్లు మళ్లీ గుంతలోకి వదిలాను.

ఈసారి రెండు చేతులు.

నా కాళ్లతో తొక్కించాయి. ఎడమ. కుడి. ఎడమ. లేని చెక్కల మీద. తొక్కినప్పుడల్లా ఒక వాక్యం వచ్చింది. నా వేళ్లు ఆగలేదు. చిన్న జలంధర్ వాళ్ల నాన్న నేతపని చేస్తాడు. నాన్న లేని సమయం చూసి వాడు గుంతలో కాలు పెట్టాడు. కాలు ఎవరో పట్టుకున్నారు. అరిచాడు. నాన్న వచ్చి లాగాడు. కాలు వచ్చింది. కాలుతో పాటు ఆ చెయ్యి కూడా వచ్చింది. అది వదల్లేదు. ఎవరికీ కనపడకుండా బూటు తొడిగారు. వాడు పెరిగాడు, ఆకాశంలోకి పోయాడు. శనిగ్రహం దాకా పోయినా ఆ చెయ్యి బూటు లోపలే ఉంది...

నా ఒళ్లు జలదరించింది. ఎంత బాగుంది అని కూడా అనిపించింది. నిజం చెప్తున్నా, రెండూ ఒకేసారి.

అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియలేదు. వాన తగ్గింది. టక్ టక్ కూడా ఆగింది. బల్లచెక్క కింది నుంచి, నా మోకాళ్ల మధ్య నుంచి, మెల్లగా...

“తర్వాత?”

ఆడ గొంతో మగ గొంతో తెలియలేదు. వేళ్లు పిక్క మీదికి పాకాయి.

“తర్వాతేమైంది?”

తెలియదు అనబోయాను. ఒక్కసారిగా కాళ్లు లాక్కున్నాను. కుడి కాలు పైకి వచ్చింది. ఎడమ కాలు రాలేదు. లాగాను... రాలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని లాగాను. ల్యాప్‌టాప్ వెలుగులో చూస్తే నా మోకాలి మీద ఏమీ లేదు. చర్మం మాత్రం నాలుగు చోట్ల లోపలికి అణిగి ఉంది.

తలుపు చప్పుడైంది. యాకమ్మ. కేసముద్రం నుంచి అప్పుడే దిగినట్టుంది, చేతిలో తడిసిన సంచి. నన్ను చూసింది, గుంతను చూసింది. సంచి కింద పెట్టి, వెనక నుంచి నా చంకల్లో చేతులు వేసి, చెవి దగ్గర గుసగుసగా అంది.

“ఒడిసిందని చెప్పు బిడ్డా.”

“ఏంది పెద్దమ్మా?”

“నువ్వు అండ్ల కూసోని చేస్తున్న పని. ఒడిసిందని చెప్పు. జల్ది.”

“ఒడిసింది, అయిపోయింది” అన్నాను. “కథ ఒడిసింది.”

కాసేపు ఏమీ జరగలేదు. నమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు అనిపించింది. తర్వాత వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి.

యాకమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గోడకు ఆనుకుని కూర్చుని, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. లక్ష్మీనర్సయ్య ఎవరో నేతగాడు సగంలో వదిలేసిన జంపఖానా తెచ్చి, పూర్తి చేస్తానని తన మగ్గానికి ఎక్కించుకున్నాడట. వాళ్లింట్లో పెద్దలు ఆ పని ఎప్పుడూ చెయ్యనిచ్చేవాళ్లు కాదట. ఎవరు మొదలుపెట్టింది వాళ్లే ముగించాలి, చేతగాకపోతే కోసి కాల్చెయ్యాలి. సగం పని చేతులు మారితే దాని వెంట ఇంకేదో వస్తుందని వాళ్ల భయం. ఆయన వినలేదు. నెల తిరగకముందే కాళ్లు చల్లబడ్డాయి. కింద ఎవరో పట్టుకుంటున్నారని చెప్పేవాడట. దవాఖానల చుట్టూ తిప్పారు, ఏమీ తేలలేదు, దసరా లోపలే పోయాడు. ఆయన చేతి పని కోసెయ్యడానికి యాకమ్మకు మనసొప్పలేదు. గుంతలో పెట్టి బండ కప్పింది. అదే తాను చేసిన తప్పు అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“నువ్వు రాసింది గూడ తీసెయ్ బిడ్డా” అంది. “సగం పని. ఇంకొకల చేతికి పోనియ్యకు.”

సరేనన్నాను. ఆమె కిరసనాయిలు తేవడానికి ముందింట్లోకి పోయింది. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ ఐదు శాతం. టైం ఐదూ యాభై. తెర మీద పేజీన్నర. ఇన్నేళ్లలో నేను అంత మంచి పేజీ ఇంకొకటి రాయలేదు. దాన్ని చెరపాలట. ఏడుసార్లు వెనక్కి కొట్టినామె కళ్లు ఒక్కసారైనా తెరిపించాలి గదా. సగమైతే ఏంది, ఇది చదివాక జలంధర్‌ను నా దగ్గర్నుంచి ఎట్లా తీసుకుంటారో చూస్తాననుకున్నాను. ఫోన్ నెట్ కలిపి, ఉన్నది ఉన్నట్టు స్నేహలతకు పంపేశాను. పంపిన నిమిషానికి ల్యాప్‌టాప్ ఆరిపోయింది.

యాకమ్మ వచ్చి అడిగితే, తీసేశానని చెప్పాను. జంపఖానా వెనక సందులో కాల్చాం. తడిసిన నూలు గనక చాలాసేపు పట్టింది. ప్రేమలత వచ్చేసరికి గుంత మట్టితో పూడ్చేశాం. నేను కుంటుతుంటే ఆమె కాలు చూసి నరం ఒత్తుకుపోయిందేమో అంది, నూనె రాసి పడుకోబెట్టింది.

మర్నాడే స్నేహలత ఫోన్ చేసింది. చదివాక నిద్రపట్టలేదట. పదకొండేళ్లలో నేను రాసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అంది. మరి మిగతా సగం ఎప్పుడిస్తారు అంది. నా దగ్గర లేదన్నాను. నిజంగానే లేదు. ఎంత తన్నుకున్నా ఒక్క ముక్క రాలేదు. మూడు రోజులు చూసి, జలంధర్‌ను, ఆ సగం కథతో సహా, నవీన్ అనే అబ్బాయికి ఇచ్చేశారు.

నేను ఏం చేశానో అప్పుడు తెలిసింది. చెప్పాలనుకున్నాను. నవీన్ నంబర్ తీసుకున్నాను కూడా. ఏమని చెప్పను? పాత్ర పోయిందన్న కడుపుమంటతో భయపెడుతున్నాడంటారు. కడుపుమంట లేదా అంటే, ఉంది. కొంచెం కాదు. నా వాక్యం తర్వాత వాడు ఏం వాక్యం పెడతాడో చూద్దామని ఊరుకున్నాను.

నిన్న మధ్యాహ్నం, కాలేజీ స్టాఫ్ రూమ్‌లో అన్నం తింటుంటే నవీన్ ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. బడిలో ఉన్నప్పటి నుంచి జలంధర్ చదివాడట, ఏమీ అనుకోవద్దని రెండుసార్లు అన్నాడు. నాలుగు రోజుల నుంచి ఐదో కథ ముందు కూర్చుంటున్నాడట, ముందుకు సాగడం లేదట. నేను ఎట్లా ముగిద్దామనుకున్నానో చెప్పమన్నాడు. నాకూ తెలియదన్నాను. ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. గొంతు తగ్గించాడు.

“అన్నా, ఒకటి అడగాలె. మా ఫ్లాటు ఆరో అంతస్తు. కింద టైల్స్.”

“ఆఁ.”

“ఇప్పుడు గూడ రాయనీకి కుర్చీలనే కూసున్న... కాళ్లు నేలకు అందుతలేవన్నా.”

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“ఒడిసిందని చెప్పు తమ్ముడూ” అన్నాను. “కథ ఒడిసిందని చెప్పు. జల్ది చెప్పు.”

ఎవరికని అతను అడగలేదు. చెప్పాడు. ఫోన్లో నాకు స్పష్టంగా వినపడింది.

“నమ్ముతలేదన్నా” అన్నాడు గుసగుసగా. “కిందికి చూడమంటాంది... చూడాల్నా?”