దేన్నీ దాచుకోని రాయి

మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి కన్నా భయంకరమైన వేళ అది... మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోయి, తోడంటూ ఎవరూ మిగలని వేళ! రాత్రి తిరిగే భూతాలతోనైనా వేగవచ్చు గానీ, మిట్టమధ్యాహ్నం తిరిగేవి ఆకలిమీద ఉంటాయని పెద్దలు ఊరికే అనలేదు.

చూస్తుండగానే ఆకాశం కాటుకలా నల్లబడింది. ఫెళఫెళారావాలతో ఉరుములు... కళ్ళు బైర్లు కమ్మే మెరుపులు... పట్టపగలు ఒక గుడ్లగూబ ఎదురింటి పిట్టగోడ మీద వాలి, రాళ్ళు పొదిగే ఆవిడ కిటికీ వైపే చూస్తూ వికృతంగా కూసింది! వీధిలో ఆరేసిన బట్టలు తీసుకుని జనం గబగబా లోపలికి పోయారు. వాన కోసమనుకున్నారు, పాపం!

ఆ మేడగదిలో కిటికీ కింద పనిబల్ల ఉంది. లక్కముద్ద, సన్నటి ఉలులు, పట్టకారు, భూతద్దం... నగలకు రాళ్ళు పొదిగి ఇద్దరాడపిల్లల్ని పెంచిన సామాను అది. వాటి మధ్య ఈరోజు ఎన్నడూ లేనిదొకటి కూర్చుంది. కపాలం!

ఆ కపాలానికి పళ్ళు లేవు. పళ్ళున్న చోట రాళ్ళున్నాయి... పచ్చ, నీలం, గోమేధికం, పుష్యరాగం! ఒక్కో రాయిలోనూ ఏదో కదులుతోంది... సీసాలో పడ్డ పురుగులా గోడలకు కొట్టుకుంటోంది! నుదుటి మీద మాత్రం, వెండి అంచుతో ఒక గూడు ఖాళీగా ఉంది.

కపాలం వెనక మాంత్రికుడు. జటాజూటం, భస్మలిప్త దేహం, చింతనిప్పుల్లాంటి కళ్ళు! నోరు విప్పితే మాత్రం తేనె పూసిన కత్తి.

"ఇంకా ఆలోచనెందుకమ్మా? ఆ కెంపు తియ్యి. నీ పెద్దకూతుర్ని నీ చేతిలో పెడతాను."

పెద్దకూతురు! ఆ మాట వింటూనే ఆవిడ చెయ్యి బల్లసొరుగు మీదికి పోయింది.

పెద్దది పోయి ఏడాది దాటింది. జ్వరమని పడుకుంది, మళ్ళీ లేవలేదు. అంతకు ముందు నిశ్చితార్థం ఉంగరం కోసం తల్లీకూతుళ్ళు ఈ బల్ల దగ్గరే పోట్లాడుకున్నారు.

"వజ్రం పెట్టించుకోవే. నలుగురిలో చెయ్యి తిప్పుకుంటూ మాట్లాడొచ్చు" అంది తల్లి.

"అబ్బ, వజ్రానిదేముందమ్మా! కొనేవాళ్ళకి నువ్వే చెప్తావుగా, వచ్చిన వెలుగంతా వచ్చినట్టే విసిరేస్తుంది, పిసరంత కూడా దాచుకోదని. కెంపయితే కాస్త లోపల దాచుకుంటుంది, అందుకే దానికా రంగు. నాకు దాచుకునేదే కావాలి."

"మొండిఘటానివే నువ్వు!"

"ఎవరి కూతుర్ని మరి?"

ఆ పోట్లాట అక్కడే ఆగిపోయింది. ఉంగరం ఖాళీగా ఉండిపోయింది. కెంపూ వజ్రమూ ఒకే పొట్లంలో, సొరుగులో పడున్నాయి. వేరేవాళ్ళ నగల్లో వేల రాళ్ళు పొదిగిన చేతులు ఆ పొట్లం విప్పలేకపోయాయి.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పెద్దది పోయాక ఆ ఇంట్లో దాని కళ్ళు చారెడు, నవ్వు బారెడు అయ్యాయి. బతికున్న చిన్నది అన్నం ముందు కూర్చుంటే, "అక్కయితే ఇలా తినేదా?" అనే మాట పడందే ముద్ద దిగేది కాదు. ఆత్మను రప్పించడానికి ఒక దేహం కావాలని మాంత్రికుడు అడిగినప్పుడు, ఆ చిన్నదే ముందుకొచ్చింది.

"నేను కూర్చుంటానమ్మా. అక్క వస్తే నువ్వు నవ్వుతావుగా."

ఆ మాటకు అర్థమేమిటో తల్లి అప్పుడు ఆలోచించలేదు. పుట్టెడు దుఃఖం మనిషిని గుడ్డిదాన్ని చేస్తుంది మరి.

ఇప్పుడు చిన్నది బూడిద గీసిన వలయంలో, గోడకు చేరబడి ఉంది. మాంత్రికుడు గుప్పెడు పొడి నిప్పుల మీద చల్లాడు. భగ్గుమంది జ్వాల! గది నిండా నల్లటి ధూమం... చిన్నదాని జడ దానంతటదే విడిపోయింది! కళ్ళు తేలిపోయాయి! ఒళ్ళు విల్లులా వంగి, గోడలదిరేలా ఒక ఆర్తనాదం...

అంతా నిశ్శబ్దం.

"అమ్మా... ఏంటే ఆ మొహం? అన్నం తిన్లేదా?"

పెద్దదే! ఆ గొంతు, ఆ విసుగు, ఆ ప్రేమ... తల్లి బావురుమంది.

"ఎలా ఉన్నావే, నా తల్లీ?"

"చలేస్తోందమ్మా. వెళ్దామంటే వీడు పోనివ్వట్లేదు..."

"నోర్ముయ్!" మాంత్రికుడు హుంకరించాడు. మళ్ళీ గొంతులో తేనె నింపుకున్నాడు. "విన్నావుగా తల్లీ. కెంపు పొదిగావంటే నీ కూతురు దాన్లో ఉంటుంది. రోజూ పలుకుతుంది. నేను కళ్ళు మూసుకుని జపిస్తుంటాను. నువ్వు రాయి కూర్చోబెట్టి, పొదిగాను అను. అంతే! ఆ మాటతో కట్టు పడుతుంది."

ఆవిడ పొట్లం విప్పింది. కెంపు రక్తబిందువులా మెరిసింది. పక్కనే వజ్రం, ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉంది. కెంపునే పట్టకారుతో అందుకుని, గూడు కొలత చూడ్డానికి భూతద్దంతో కపాలం మీదికి వంగింది.

వంగి... కొయ్యబారిపోయింది!

పచ్చరాతిలో ఒక చిన్న అరచెయ్యి! పసిపిల్లది! లోపలినుంచి రాతిని తడుముతోంది... "అమ్మా, తలుపు తియ్యి... అమ్మా..."

"ఈ పిల్ల... వాళ్ళమ్మ ఏది?"

"ఎప్పుడో పోయింది. రాయి మిగిలింది. నేను చెప్పిన పని చేస్తుంది." మాంత్రికుడు ఆవులించాడు. "ఇవన్నీ నీలాంటి తల్లులు పొదిగినవే."

"వజ్రం ఒక్కటీ లేదేం?"

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు కిటికీ అద్దాలు గలగల్లాడాయి! "వజ్రానికి కడుపు లేదమ్మా! దాన్లో ఏదీ నిలవదు. పొదిగితే ఉన్న పట్టు కూడా పోతుంది. అయినా చేతికందిన బిడ్డని ఏ తల్లి వదులుకుంటుంది? అందుకే నేను కళ్ళు మూసుకున్నా నాకు భయం లేదు. ఆశను మించిన కాపలావాడు లేడు!"

కళ్ళు మూసుకున్నాడు. మంత్రం మొదలైంది... క్రీంకార హూంకారాలతో గది దద్దరిల్లుతోంది! బయట గుడ్లగూబ ఆగకుండా కూస్తోంది!

ఆవిడ చిన్నకూతురి వైపు చూసింది. ఏడాదిగా దాన్ని సరిగా చూసిందే లేదు. పిల్ల పెదాలు నల్లబడ్డాయి. చేతివేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"అమ్మా," ఆ పెదాల మీంచి పెద్దదాని గొంతు నెమ్మదిగా వచ్చింది. "నన్ను పట్టి ఉంచుతుంటే దీని ప్రాణం పోతోందే. ఇంకా చూస్తావేంటి? నువ్వు చెప్పిందే కరెక్టు. వజ్రమే పెట్టు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లి మాటకు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. ఇలాంటి గెలుపు పగవాళ్ళకు కూడా వద్దు.

"పెడితే మళ్ళీ మాట్లాడవుగా?"

"మాట్లాడను."

"ఒక్కసారి కూడానా?"

"అమ్మా... నీ పనిలో వాడే మాటేంటి? గూడు, పొదగడం అనే కదా. కోడి గుడ్డుని దాచుకోడానికి పొదుగుతుందా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. నలభై ఏళ్ళుగా నోట్లో నానిన మాట! పొదగడమంటే పట్టి ఉంచడమే అనుకుంది. ఏ కోడి పొదిగినా పెంకు పగలడానికే. పగలని గుడ్డు మురిగిపోతుంది. ఆ కపాలం నిండా ఉన్నవి మురిగిపోతున్న గుడ్లే, వాటి తల్లులంతా తనలాగే ఏడ్చినవాళ్ళే.

కెంపును బల్ల మీద పెట్టేసింది. వజ్రాన్ని తీసింది. కళ్ళనీళ్ళకు గూడు కనబడలేదు, వేలితోనే తడిమి కూర్చోబెట్టింది. వెండి అంచును ఉలితో చుట్టూ నొక్కింది. పిల్లకు దుప్పటి కప్పి అంచులు సర్దినట్టు, మెల్లగా.

"పొదిగాను" అంది.

ఫెళ్ళున మెరుపు! కిటికీ లోంచి దూసుకొచ్చి వజ్రంలో పడింది! వచ్చిన వెలుగును వచ్చినట్టే విసిరేసింది వజ్రం! వెలుగును మాత్రమేనా? మాంత్రికుడు పంపిన మంత్రాన్ని, ఒక్క బీజాక్షరమైనా దాచుకోకుండా, తిరిగి అతని మీదికే విసిరేసింది!

"ఏం పెట్టావే? ఏం పెట్టావ్!"

"మా అమ్మాయి అడిగింది పెట్టాను."

టప్... టప్... టప్... దవడలో రాళ్ళు ఒక్కొక్కటిగా పగిలాయి! పచ్చటి, నీలి, పసుప్పచ్చటి వెలుగులు గిర్రున తిరిగాయి! వాటిలో పసిపిల్లల ఏడుపులు, ముసలివాళ్ళ మూలుగులు... అన్నీ ఒక్కసారిగా అతణ్ణి చుట్టుముట్టాయి! అతని నోట మంత్రం రాలేదు. "అమ్మా!" అనే కేక వచ్చింది! ఆ కేకతోనే జడలు, ఎముకలు, మాంసం... సమస్తం భస్మమైపోయింది! కపాలం రెండు చెక్కలైంది. గుడ్లగూబ ఎగిరిపోయింది. బయట వాన మొదలైంది, మామూలు వాన.

ఆవిడ చెంపకు వెచ్చటి ఊపిరి తగిలింది.

"వెళ్తున్నానమ్మా."

బతికున్నన్నాళ్ళూ గుమ్మం దాటేటప్పుడు "వెళ్ళొస్తా" అనేది. ఎప్పుడన్నా మరిచిపోయి "వెళ్తున్నా" అంటే, అదేం మాటే అని తల్లి తిట్టేది. ఈసారి తిట్టలేదు.

"వెళ్ళమ్మా" అంది. అని, నేలమీద కూలబడి, ఏడాదిగా లోపలే దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

బల్ల మీద కెంపు ఎర్రగానే ఉంది. దాన్లో ఎవరూ లేరు.

గోడ దగ్గర చిన్నది కదిలింది. కళ్ళు తెరిచి, ఏడుస్తున్న తల్లిని చూసింది. చూసి, తప్పు చేసినదానిలా తల దించుకుంది.

"అమ్మా... అక్క కాదు. నేను చిన్నదాన్ని."

ఆవిడ బూడిద గీత చెరిపేస్తూ పాక్కుంటూ వెళ్ళి, ఆ పిల్లను రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"తెలుసే," అంది. "నువ్వేనని తెలుసు. ఆకలేస్తోందా, అమ్మా?"