గొర్రెల షెడ్డులో గరగర

గొల్లపల్లి నుంచి బుగ్గారం వచ్చే దారిలో, మక్కజొన్న చేన్ల నడుమ, గోవర్ధన్ కట్టిన గొర్రెల షెడ్డు ఒకటుంది. చీకటి పడ్డాక ఆ పక్క నుంచి నడిచేవాళ్లు తక్కువ. నడిచినా మాట్లాడరు. బండి మీద పోయేవాళ్లు హారన్ కొట్టరు— కొడితే లోపలున్నవి లేస్తాయట!

లోపల ఏవీ లేవు. అసలు భయమంతా అదే. పోయిన వానాకాలం ఏదో రోగం తగిలి గొర్రెలన్నీ వరసపెట్టి చచ్చాయి. ఒక్కటి మిగిలింది. దాన్ని ఊళ్లో అమ్మేసి, మిగతావాటిని షెడ్డు వెనకే పాతిపెట్టి, గోవర్ధన్ సిరిసిల్లకు పోయి మరమగ్గాల పనిలో చేరాడు. ఆ తర్వాతే, శనివారం రాత్రిళ్లు లోపల్నుంచి చప్పుడు మొదలైంది.

గర్... గర్... గర్...

అచ్చం గొర్రె గుంజకు ఒళ్లు రాసుకుంటున్నట్టు.

మనిషి దెయ్యమైతే ఏం కావాలో అడగొచ్చు. కోడినో కొబ్బరికాయనో ఇచ్చి పంపొచ్చు. గొర్రె దెయ్యాన్ని ఏమని అడుగుతారు? భూతవైద్యుణ్ణి పిలిస్తే, ఇది పశువుల కేసు నాది కాదన్నాడు. పశువుల డాక్టరేమో, చచ్చినవాటితో నాకేం పనన్నాడు.

ఈ కబుర్లన్నీ విని నవ్వేవాడు శ్రీహరి. బుగ్గారంలో ఒక వాడ వాడంతటికీ తాటికల్లు పోసేది అతనే. పొద్దూ మాపూ తాడిచెట్టెక్కి కల్లు లొట్టి దించేవాడికి, నేల మీద తిరిగే దెయ్యాలతో ఏం పని? అలాంటివాణ్ణి గడగడలాడించింది దెయ్యం కాదు. భార్య తమ్ముడు.

భాగ్య తమ్ముడు నవీన్ జగిత్యాలలో ఒక ల్యాబులో పని చేస్తాడు. ఆ మంగళవారం అక్కను చూద్దామని వచ్చాడు. భాగ్య తలకాయ కూర వడ్డించబోతే కంచం వెనక్కి లాక్కున్నాడు.

"భేజా నాకద్దక్కా."

"ఎందుకురా? చిన్నప్పుడు దానికోసమే ఏడుస్తుంటివి."

"ప్రియాన్ అని ఒకటుంటది. దాని గురించి చదివినసంది తినబుద్ధి అయితలేదు."

శ్రీహరి నవ్వాడు. "గదేం పురుగురా?"

"పురుగైతె మందు గొట్టి సంపుదుం బావా. అది పురుగు గాదు, వైరస్ గాదు. దానికి పానమే లేదు. లేని పానం ఎట్ల తీస్తవ్?"

నవీన్ గొంతు తగ్గించాడు. పంతుళ్లకూ ల్యాబు వాళ్లకూ ఎదుటివాణ్ణి భయపెట్టడంలో ఒక ఆనందం ఉంటుంది.

"మన మెదడుల ప్రొటీన్లు ఇస్త్రీ బట్టల లెక్క మడత వెట్టి ఉంటయ్. అండ్ల ఒక్కటి... ఒకే ఒక్కటి... తప్పు మడత వడ్తది. అది పక్కదాన్ని తాకి తన లెక్కనే జేస్తది. అది ఇంకోదాన్ని. గట్ల మెదడంత బొక్కలు వడ్తది. ఉడకవెట్టినా పోదు, స్పిరిట్‌తోని కడిగినా పోదు. మట్టిల ఏండ్లకేండ్లు ఉంటది. యాడనో ఒక దీవిల సచ్చినోళ్ల మెదడు వండుకుతినే ఆచారం ఉండెనట. తిన్నోళ్లకు వణుకు మొదలైంది. కొందరికైతె తిన్న యాభై ఏండ్లకు! ఇగ గొర్లకు అస్తె... గుంజలకు ఒళ్లు రాసుకుంటయ్. వణుకుతయ్..."

శ్రీహరి నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది.

రెండు నెలల కింద పోచమ్మ పండుగకు బలి ఇవ్వడానికి తెచ్చిన యాటపోతు, గోవర్ధన్ షెడ్డులో మిగిలిన ఆ ఒక్కటే. యాట మీద పసుపునీళ్లు చల్లితే అది ఒళ్లు దులపాలి. దాన్నే జడ్తి అంటారు. జడ్తి ఇస్తేనే అమ్మ ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి లేస్తుంది. ఒక్కోసారి గంటలు గడిచినా కదలదు. ఈసారి యాట మాత్రం చెంబు ఎత్తకముందే గడగడా వణికింది. అమ్మకు ఎంత తొందరో అని డప్పులు మోగించారు. అమ్మకు సాక పోసిన కల్లు తన చెట్టుదే కాబట్టి తలకాయ శ్రీహరి వాటాకు వచ్చింది. ఉల్లిగడ్డ వేసి భేజా వేయించుకుని, పెళ్లానికి కూడా పెట్టకుండా ఒక్కడే తిన్నాడు.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. నవీన్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, కానీ శ్రీహరి వినలేదు.

బుధవారం పొద్దున నడుముకు మోకు బిగించి చెట్టు మీద కాలు పెట్టాడు. సగం దూరం ఎక్కాక చెయ్యి వణికితే? కాలు తీసేశాడు. నడుం నొప్పని ఇంట్లో చెప్పాడు. గురువారం చెయ్యి చాపి చూసుకుంటే వేళ్లు కొంచెం ఆడుతున్నట్టు అనిపించింది. శుక్రవారానికి అనుమానమే లేదు, చాయ్ సాసర్‌లోకి ఒలికింది. రాత్రి నిద్ర లేదు. శనివారం పొద్దున్నుంచి వీపు కూడా దురద! వణికే చేత్తో తాడెక్కితే ప్రాణం పోతుంది, ఎక్కకపోతే ఇల్లు గడవదు. పాపం, మనిషి సగమైపోయాడు.

ఆ సాయంత్రం అతనికో ఆలోచన వచ్చింది. షెడ్డులో రాసుకుంటున్నది నిజం గొర్రె అయితే, రోగమూ నిజమే. దెయ్యమైతే? దెయ్యానికి రోగం ఉండదు కదా!

పోచమ్మ గుడి వైపు తిరిగి దండం పెట్టాడు.

"తల్లీ... అండ్ల దెయ్యమే ఉండాలె. మంచి గట్టి దెయ్యం ఉండాలె."

దెయ్యం కోసం మొక్కుకున్న మనిషి ఆ మండలంలో అతనొక్కడే అయి ఉంటాడు.

చీకటి పడ్డాక ఒక్కడే బయల్దేరాడు. చంద్రుడు లేడు. మక్క ఆకులు ఎండి గలగలమంటున్నాయి. షెడ్డు దగ్గరపడుతుంటే ముందు వాసన తగిలింది... కాలిన వెంట్రుకల వాసన. తర్వాత చప్పుడు.

గర్... గర్...

రేకు తలుపు కొంచెం తీసి ఉంది. లోపల ఎర్రగా ఏదో వెలిగి ఆరింది. శ్రీహరి ఫోన్ లైటు వేసి, చెయ్యి లోపలికి చాపాడు—

పిట్టగోడ మీద తలకాయలు.

వరసగా పది. ఒళ్లు లేదు, తలకాయలే. మాడిన చెవులు, తెరిచిన కళ్లు, బయటికొచ్చిన పళ్లు. పదీ అతనివైపే చూస్తున్నాయి.

"దెయ్యాలే!" అన్నాడు శ్రీహరి, ఏడుపూ సంతోషమూ కలిసిన గొంతుతో. "పది దెయ్యాలు! పోచమ్మ తల్లీ, బతికిచ్చినవ్!"

"లైటు బంద్ జెయ్... కండ్లల్ల గొడ్తాంది," అందొక గొంతు.

శ్రీహరి లైటు ఆ గొంతు వైపు తిప్పాడు.

అక్కడ కూర్చున్నది బక్కయ్య. ఊళ్లో యాటలు కోసి మాంసం పోగులు వేసే బక్కయ్య. మొహం నిండా మసి, చేతిలో కత్తి. ప్రతి శనివారం రాత్రి తలకాయలూ కాళ్లూ కాల్చి, కత్తితో గీకి, తెల్లారి మొదటి బస్సుకు కోరుట్ల హోటళ్లకు వేసుకుపోతాడట. ఊళ్లో కాలిస్తే వాసనని తిట్టారట.

"దెయ్యం పేరు నువ్వే వెట్టినవా బక్కన్నా?"

"నేను వెట్టలే తమ్మీ. ఊరోళ్లు వెడితె అద్దనలే. మంచిగ ఎవ్వడు రాడు."

శ్రీహరి తన గోడు మొత్తం వెళ్లబోసుకున్నాడు. ప్రియాన్, మడత, దీవి, యాట వణుకు, భేజా... బక్కయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి పిచ్చోడా! పోయినేడు జడ్తి ఇయ్యక పగటీలిదాక ఎండల నిలవడితిమి. గందుకే ఈసారి దాని చెవుల ఇన్ని నీళ్లు వోసిన. నీ చెవుల వోస్తె నువ్వు సుత ఊగుతవ్. ఎవలకు జెప్పకు."

శ్రీహరికి ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే చెయ్యి చాపాడు. "మరి ఇదేందే?"

వేళ్లు ఆడుతున్నాయి.

"గదేముందిరా, నా చెయ్యి సూడు—" అని బక్కయ్యా చాపాడు. అతని చేతిలో కత్తి టకటకా గోడకు కొట్టుకుంది.

ఇద్దరూ ఆ కత్తినే చూశారు. బక్కయ్య జీవితంలో ఎన్ని తలకాయలు పట్టుకున్నాడో అతనికే తెలీదు.

"ఎప్పటిసందే?" అన్నాడు శ్రీహరి మెల్లగా.

"మొన్నటిసంది... నేను సరిగ సూస్కోలే."

తలకాయల్ని అక్కడే వదిలి ఇద్దరూ పరుగు. వాడలో మొదటి ఇల్లు కొమురవ్వది. ముసలమ్మను లేపి చెయ్యి చాపమన్నారు. వణికింది. పక్కింటి ఏసయ్యను లేపారు. అతనిదీ వణికింది. ఎందుకు లేపారో చెప్పగానే ఏసయ్య ఎదురింటి తలుపు కొట్టాడు, ఎదురింటివాళ్లు వెనకింటిది. గంటలో పదకొండు మంది కరెంటు స్తంభం కింద చేతులు చాపుకుని నిలబడ్డారు. పదకొండూ వణుకుతున్నాయి. కొమురవ్వ శోకం మొదలుపెట్టింది.

ఆ గోలకు భాగ్య బయటికి వచ్చింది. సంగతి విని తన చెయ్యి చాపింది. రాయిలా నిలబడింది.

"యాట కూర నేను సుత తిన్న. నాకెందుకు లేదు?" అని, చేతులన్నిటినీ ఒకసారి చూసింది. "మీరందరు మా కల్లు తాగెటోళ్లే గద?"

అవునన్నారు.

"ఈయన తాడెక్కక ఎన్నొద్దులాయె?"

 ఏసయ్య వేళ్లు లెక్కపెట్టి, "నాలుగు," అన్నాడు సిగ్గుగా.

"మోకు గాడ దండెం మీదున్నది," అంది భాగ్య మొగుడితో. "తెల్లారంగనే ఎక్కు."

తెల్లారి ఎక్కాడు. లొట్లలో నాలుగు రోజులు పులిసిన కల్లు ముక్కుపుటాలు అదరగొడుతోంది. అయినా ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఈలోపు అక్క చెప్పగా విన్న నవీన్ ఫోన్ చేసి, నవ్వాపుకోలేక చెప్పాడు: "గొర్ల రోగం మనుషులకు అంటినట్టు యాడా తేలలే బావా. గదే చెప్పబోతాంటె నువ్వు లేసి చెయ్యి కడుక్కున్నవ్."

రెండో ముంతకు కొమురవ్వ చెయ్యి నిలబడింది. మూడో ముంతకు ఏసయ్యది, శ్రీహరిది, మిగతా అందరిదీ. ఒకరి చెయ్యి ఒకరికి చూపించుకుని పడీ పడీ నవ్వారు.

బక్కయ్య నాలుగో ముంత ఎత్తాడు. అది సగం నేల పాలైంది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బక్కయ్య ముంత కింద పెట్టి, ఆ చేతిని చంకలో దాచుకున్నాడు.

"సలి వెడ్తాంది," అన్నాడు.

నడి చైత్రం. అప్పటికే ఎండకు వీపులు కాలుతున్నాయి.