వరదమ్మ పటానికి కండ్లు

నడుస్తున్న కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు మీరేం చూశారు? చెప్పండి. నల్లటి తెర చూశారు. అందులో మీ మొహమే చూసుకున్నారు. అంతేనా? తొందరపడి అంతే అనకండి. మునిప్రసాద్ కూడా అంతే అన్నాడు. తిరుపతిలో అట్లాంటి పెట్టెలు ఎన్ని విప్పి బిగించాడో లెక్కే లేదు.

రెండువేల మూడో సంవత్సరం. మే నెల కత్తిరి ఎండలు. వడమాలపేట మెయిన్ రోడ్డు మీద ఏకాంబరం ఫోటో స్టూడియో. పుత్తూరు బస్సు పోయినప్పుడల్లా దాని గాజు తలుపు గలగలమంటుంది. మునిప్రసాద్ సామాను సంచితో మోపెడ్ దిగేసరికి భోజనాలవేళ దాటింది. ఏకాంబరం వాకిట్లోనే ఎదురుచూస్తున్నాడు. లోపల గోడవారగా స్టూలు మీద ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. పెద్ద కండ్లు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి.

"వరదమ్మ కూతురు, నాగవేణి," అన్నాడు ఏకాంబరం గొంతు తగ్గించి. "రేపు పొద్దున వాళ్ళమ్మ కర్మంతరం. పటం ఇయ్యాలప్పా. ఈ కంప్యూటరేమో పని మొదులుపెడితే చాలు, చస్తా ఉండాది."

వరదమ్మ బతికినన్నాళ్ళూ కెమెరా ముందు నిలబడలేదు. చెరుకు తోటల్లో నడుము విరిగేదాకా కూలి చేసే మనిషిని ఫోటోకు రమ్మని ఎవరు పిలుస్తారు? చచ్చిపోయాక పిలిచారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పూలదండ వేస్తే, ఏకాంబరం డిజిటల్ కెమెరాతో ఒకే ఒక్క ఫోటో తీశాడు. ఆమె మొహం లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ కంప్యూటర్లో తప్ప.

మూసిన కండ్ల పటాన్ని మా వైపు ఇంట్లో పెట్టుకోరు. కండ్లు తెరిపించాలి. అది స్టూడియోవాళ్ల పని. పాతకాలంలో కుంచెతో దిద్దేవాళ్లు. ఏకాంబరం పద్ధతి వేరు. రక్తసంబంధం ఉన్నవాళ్లను కూర్చోబెట్టి ఫోటో తీసి, వాళ్ల కండ్లు కత్తిరించి, పోయినవాళ్ల మొహానికి అతికిస్తాడు. ఈసారి నాగవేణి కండ్లు.

"అన్నా, ఆ ఫోటో చెరిగిపోదు గదా?" అంది నాగవేణి. "ఇప్పుడే అమ్మ మొగం సరిగ్గా గుర్తుకు రాకుండా ఉండాది. అది పోతే ఇంగ నాకు అమ్మ లేదు."

మునిప్రసాద్ పెట్టె పక్క రేకు విప్పాడు. తెరమీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు చేతికి తీసుకుని ముక్కు మూసుకున్నాడు. దాని బుల్లి ఫ్యాను రెక్కలకు నల్లటి జిడ్డు, మధ్యలో కుంకుమ.

"దీనికి సాంబ్రాణి వేస్తా ఉండావా అన్నా?"

"దినామూ. లచ్చిందేవి గదప్పా. పొగ సూపించకుండా ఎట్ల?"

"నువ్వు దానికి ఊపిరాడనీకుండా చేస్తా ఉండావు. ఇంగమీద మొక్కేదుంటే రోడ్డు మీద నిలబడి మొక్కు."

ఆ పిల్ల ఆ రోజుకు మొదటిసారి నవ్వింది.

బ్రష్షుతో మసి దులిపాడు. ఫ్యాను ఇరుసుకు కుట్టుమిషను నూనె చుక్క వేశాడు. కార్డు మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే గీకి, కొత్తది పూశాడు. బిగించి, ఎవరిదో పెళ్లి ఆల్బం తెరిచి చాలాసేపు నడిపించాడు. కార్డు గోరువెచ్చగా ఉంది. ఫ్యాను సన్నగా పాడుతోంది.

"అయిపాయె," అన్నాడు.

ఏకాంబరం వరదమ్మను తెర మీదికి తెచ్చాడు. ఎండిన పెదవులు, దవడకు కట్టిన గుడ్డ. కండ్లు మూసే ఉన్నాయి. ఫ్యాను సన్నగానే పాడింది. అతను నాగవేణి కండ్లు తెచ్చి ఆ మొహం మీద పెట్టాడు.

ఫ్యాను అరిచింది.

తెర మూలన కార్డు వేడి చూపించే మీటరు ఎగబాకింది. తెర మీద ఎర్రగీతలు. కాలిన వాసన... ప్లాస్టిక్ వాసన కాదు. వెంట్రుకలు కాలిన వాసన. ఠప్పున ఆగిపోయింది.

వెనక నాగవేణి కండ్లు నలుపుకుంటోంది. "ఎండకేమో... మండుతా ఉండాయి."

మునిప్రసాద్ చెయ్యి లోపలికి పెట్టాడు. కాలుతుందనుకున్న కార్డు చల్లగా ఉంది. బావినీళ్లలో నుంచి తీసినట్టు చల్లగా. మీటరు తప్పు చూపిస్తోందనుకున్నాడు. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే. ఆ కండ్లు పెట్టగానే మంట. ఆగగానే చల్లదనం.

"వేడెక్కితే తనంతట తానే ఆగిపొయ్యే కట్టడి ఒకటి ఉంటాదన్నా దీంట్లో. తీసేస్తా. ప్రింటు వచ్చేదాకా ఆగదు. కార్డు కాలితే కాలనీ."

"కానీప్పా."

అదీ వాళ్లు చేసిన పని! అది ఎందుకు ఆగుతోందని ఒక్కడైనా అడిగాడా? ఆ పెట్టె చెడిపోయి ఆగలేదయ్యా. మంట ఎక్కడో దానికి తెలుసు. దాని నోరు నొక్కేసి, ఇద్దరు మగాళ్లు ప్రింటరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కాగితం మెల్లగా దిగుతోంది. నెరిసిన పాపిట. నుదురు. బొట్టు. గదినిండా వెంట్రుకల కమురు. ఫ్యాను గొంతు మనిషి మూలుగులా ఉంది.

"అన్నా..." గుసగుస. "శానా మండుతా ఉండాయి..."

మునిప్రసాద్ చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. "ఆపేదా పాపా?"

"వద్దు... అమ్మను రానీ..."

కనుబొమ్మలు వచ్చాయి. రెప్పలు. కండ్లు.

ఫ్యాను నిలిచిపోయింది. ప్రింటరు మాత్రం పని ముగించి, కాగితాన్ని బల్ల మీదికి తోసింది. వరదమ్మ కండ్లు తెరుచుకుని చూస్తోంది. ఎంత బాగా వచ్చిందో!

"కరెంటు పాయనా అన్నా?" అంది నాగవేణి.

నెత్తిమీద ట్యూబులైటు వెలుగుతోంది. గాజు తలుపు అవతల ఎండ పేలిపోతోంది.

"ఎవురన్నా పలకండన్నా... ఇంత చీకటేంది?"

తిరుపతిలో కంటి డాక్టర్లు లైటు వేసి చూశారు. కండ్లలో ఏ లోపమూ లేదన్నారు. పటం మాత్రం నాగవేణి ఇంటి నడవలో గోడకెక్కింది.

కొన్నాళ్లకు మునిప్రసాద్ మనసు పట్టలేక ఆ ఇంటికి పోయాడు. సాయంత్రం. తలుపు తీసే ఉంది. నాగవేణి పెరట్లో, ఇంటికి వీపు తిప్పి కూర్చుని ఉంది. పలకరించే ధైర్యం లేక, చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యకుండా పటం ముందు నిలబడ్డాడు. కండ్లు తుడుచుకున్నాడు.

"ఏడవబాక మునిప్రసాదన్నా," అంది పెరట్లోనుంచి. వెనక్కి తిరగలేదు. "పచ్చ చొక్కా కొత్తదా?"

అతను తన చొక్కా చూసుకున్నాడు. పచ్చదే. పటంలో కండ్లు అతన్నే చూస్తున్నాయి... కాదు. కొంచెం పక్కకు. అతని భుజం మీదుగా.

"అన్నా," ఆ పిల్ల గొంతు దిగిపోయింది. "నువ్వొక్కడివే గదా వచ్చినావు?"

"...ఊ."

"మరి నీ వీపుకు ఆనుకోని నిలబడుండేది ఎవురన్నా? దవడకు గుడ్డ కట్టుకోనుండాది. కండ్లుండాల్సిన చోట ఏమీ లేదు... నీ మొగం తడమను చెయ్యెత్తతా ఉండాది."

అతని మెడ మీద ఏదో తగిలింది. చల్లగా. బావినీళ్లంత చల్లగా.

మీరైతే వెనక్కి తిరిగి చూస్తారా?